‘పాలు’ అను పేరు : చట్టమును, వాడుకయు

సోయాచిక్కుడు గింజలు, బాదముపప్పు, ఓటు ధాన్యము, బియ్యము మొదలగువానిని నానవేసి, రుబ్బి, వడగట్టి తీసిన తెల్లని పానీయములను ‘పాలు’ అని పిలువవచ్చునా, కూడదా యను వివాదము నేటి కాలమున పెక్కు దేశములలో న్యాయస్థానముల వరకు పోయినది. పాడిపరిశ్రమవా రొక పక్షము. ఆ పానీయములను తయారుచేసి యమ్మువారు మరియొక పక్షము. పశువుల పాలు అరగనివారు, జీవకారుణ్యముచేత వానిని విడిచినవారు ఈ రెండవ పక్షమునకు తోడుగా నిలిచిరి. పైకి చూచినచో నిది వర్తకుల తగాదాగా తోచును. కాని యిందు మూడు ప్రశ్నలు ఇమిడియున్నవి. కొనువాడు మోసపోకుండు టెట్లు? పాడిమీద బ్రదుకు రైతుల జీవనమునకు రక్ష యేమి? ఒక మాటకు అర్థము నిర్ణయించు అధికార మెవరిది?

ఈ మూడవ ప్రశ్న, తరతరములుగా కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సీమలలో స్థిరపడిన తెలుగువారికి క్రొత్తది కాదు. ఇంటిలో నొక మాట, అంగడిలో నొక మాట, ప్రభుత్వ పత్రములో నింకొక మాట వినుట వారికి నిత్యానుభవము. కావున ఈ వివాదపు చరిత్రను వారు తెలిసికొనుట యుక్తము.

పాత మాట, పాత అర్థములు

తెలుగున ‘పాలు’ అను మాట పశువు పొదుగునకు మాత్రమే కట్టుబడి యుండలేదు. జిల్లేడు ఆకు త్రుంచిన కారునవి పాలే. మర్రికొమ్మ నరికిన కారునవియు పాలే. కొన్ని జెముడు మొక్కలనుండి కారునవియు పాలే. వరికంకి గింజ కట్టుటకు ముందు పాలు పోసికొన్నదని రైతు చెప్పును. వంటయింటిలో కొబ్బరికోరు పిండిన కొబ్బరిపాలు; హల్వాకొరకు గోధుమలు నానవేసి రుబ్బి పిండిన గోధుమపాలు; పసిబిడ్డలకు కాచిపోయుటకై రాగులు నానవేసి, రుబ్బి, గుడ్డలో వడగట్టిన రాగిపాలు. వీనిని పలుకునపు డే గృహిణియు పొదుగును తలచుకొనదు. సంస్కృతమునను ఇట్లే. మర్రి, రావి, మేడి, జువ్వి మొదలగు చెట్లను వైద్యగ్రంథములు క్షీరవృక్షము లనినవి.

ఇరుగుపొరుగు భాషలను పరికించిన ఈ సంగతి యింకను విశదమగును. తమిళమున ‘పాల్’, కన్నడమున ‘హాలు’ మన ‘పాలు’కు తోబుట్టువులు. ప్రాచీన కన్నడమున ‘పాల్’ అనియే యుండి, పకారము హకారముగా మారుటచే నేటి ‘హాలు’ ఏర్పడినది. తమిళులు తేంగాయ్‌ప్పాల్ అందురు. కన్నడిగులు తెంగినహాలు అందురు. బియ్యము గాని రాగులు గాని రుబ్బి పిండిన పాలలో బెల్లము, కొబ్బరి చేర్చి ఉడికించి ముక్కలుగా కోయు ‘హాలుబాయి’ అను తీపి వంటకము కర్ణాటకమున ప్రసిద్ధము. దాని పేరిటి హాలు ధాన్యపు పాలే.

మరాఠీ మార్గము కొంత వేరు. కొబ్బరిపాలను వారు ‘నారళాచే దూధ్’ అని పాల పేరిటనే పిలుతురు గాని, గోధుమలు పిండిన పాలను ‘గవ్హాచా చీక్’ అందురు. చెట్టు కార్చు పాలకును చీక్ అనియే పేరు. షోలాపురమునందలి తెలుగు నేతకాండ్ర యింట గోధుమపాలు అనునదే వీథిలోనికి వచ్చునప్పటికి చీకు అగును. ఒడియాలో పాలకు ‘ఖీర’ అను మాట యున్నది. క్షీర శబ్దమునుండియే పుట్టిన ‘ఖీర్’ హిందీలో పాయసమునకు పేరయినది. ఒకే శబ్దము ఒకచోట పాలు, మరియొకచోట పాయసము. ఒక భాషలోని పేరును ప్రమాణముగా గైకొని వేరొక భాషలోని పేరును సరిదిద్దబూనుట ఎంత చిక్కైన పనియో దీనిని బట్టి తెలియును.

ఐరోపాలోను ఈ వాడుక పాతదే. 14వ శతాబ్ది చివర ఇంగ్లండు రాజగృహపు వంటవాండ్రు కూర్చిన పాకగ్రంథమున బాదముపాలు పలుమారు కనబడును. క్రైస్తవుల ఉపవాస దినములలో పశువుల పాలు నిషిద్ధము లగుటచే, కలిగినవారి యిండ్ల బాదముపాలు వాని స్థానమున నిలిచెను. చైనాలో మాత్రము, సోయాగింజల రసమునకు ప్రాచీనమైన పేరు పాలు కాదు; గంజివంటి చిక్కని ద్రవమును తెలుపు మాట నచట వాడిరి. జపానువారు అదే పదార్థమునకు పాలను సూచించు అక్షరమును చేర్చి పేరు పెట్టిరి. పదార్థ మొక్కటే; పేరు భాషను బట్టి మారినది.

వెన్న పేరిట జరిగిన తొలి పోరు

వాడుకలో నున్నంత కాలము మాట యెవరిని బాధింపదు. అది సీసామీదికి, డబ్బామీదికి, పాకెట్టుమీదికి ఎక్కి వెలకు అమ్ముడు పోవునపుడే తగవు పుట్టును. అట్టి తగవులలో మొదటిది పాలను గూర్చినది కాదు, వెన్నను గూర్చినది.

1869వ సంవత్సరమున ఫ్రెంచి రసాయనవేత్త ఇపోలిత్ మేజ్ మూరియే, మూడవ నెపోలియను చక్రవర్తి ప్రోత్సాహమున, పశువుల కొవ్వునుండి వెన్నకు బదులుగా వాడదగిన పదార్థమును తయారుచేసెను. అదియే మార్గరీన్. అమెరికాలో అది చౌకగా అమ్ముడుపోవుట చూచి పాడిరైతులు ఆందోళన చేసిరి. 1886లో అమెరికా ప్రభుత్వము మార్గరీనుపై పౌను ఒక్కింటికి 2 సెంట్ల పన్ను విధించెను. 1902లో, వెన్నవలె పసుపురంగు వేసిన దానిపై పన్ను 10 సెంట్లకు పెంచి, రంగు లేనిదానిపై పావు సెంటుకు తగ్గించెను. న్యూహాంప్‌షైర్ రాష్ట్రము మార్గరీనుకు గులాబిరంగు వేసినగాని అమ్మరాదని శాసింపగా, అమెరికా సుప్రీముకోర్టు 1898లో ఆ శాసనమును కొట్టివేసెను. కేంద్రప్రభుత్వపు పన్నులు తొలగినది 1950లో. కెనడాలో 1886నుండి 1948వరకు, మొదటి ప్రపంచయుద్ధ కాలమున కలిగిన కొలది సంవత్సరముల సడలింపు తప్ప, మార్గరీను అమ్ముటయే నిషిద్ధము.

పాల విషయమునను అట్టి కథ నడచినది. వెన్న తీసిన పాలలో కొబ్బరినూనె కలిపి ‘మిల్నట్’ అను పేర నొక అమెరికా సంస్థ అమ్ముచుండెను. 1923 నాటి చట్ట మట్టి మిశ్రమములను రాష్ట్రములమధ్య రవాణా చేయరాదని నిషేధించెను. 1938లో సుప్రీముకోర్టు ఆ చట్టమును సమర్థించెను. 1972లో నొక జిల్లా న్యాయస్థానము అదే చట్టము చెల్లదని తీర్పు చెప్పెను.

ఈ చరిత్రలో రెండు ఉద్దేశములు పెనవేసికొని యున్నవి. కొనువానికి నిజము తెలియవలె ననునది యొకటి; పోటీదారుని అణచవలె ననునది మరియొకటి. మొదటిది ధర్మము. రెండవది మొదటిదాని వేషము వేసికొని వచ్చుచుండును. ఏ లేబులు చట్టమును పరీక్షించినను ఈ రెంటిని వేరుచేసి చూడవలెను.

మన దేశమున నెయ్యి, వనస్పతి

భారతదేశమున ఈ తగవు నెయ్యితో మొదలయ్యెను. నూనెలలోనికి హైడ్రోజను వాయువును పంపి గట్టిపరచిన వనస్పతి 20వ శతాబ్ది తొలి భాగమున విదేశములనుండి దిగుమతి యయ్యెను. తరువాత నిచటనే తయారుకాజొచ్చెను. 1937లో వచ్చిన ‘డాల్డా’ ఎంత వ్యాపించినదనిన, ఆ వ్యాపారనామమే తెలుగున ఆ పదార్థమునకు సామాన్యనామ మయ్యెను. దానిని నేతిలో కలిపి నెయ్యి యని అమ్మువారు బయలుదేరిరి. నెయ్యి పేరిట వనస్పతి చెలామణి యగుటను గాంధీజీ తీవ్రముగా ఖండించిరి.

వనస్పతికి రంగు వేయించినచో కల్తీ వెంటనే కనబడునని పలువురు వాదించిరి. కాని వంటకు చెడుపు చేయక, కాచినను వడకట్టినను పోని రంగు కుదరలేదు. చివరకు మరియొక ఉపాయము దొరకెను. వనస్పతి తయారుచేయు ప్రతివాడును అందు నూటికి 5 పాళ్లు నువ్వుల నూనె తప్పక కలుపవలెనని నియమము చేసిరి. నువ్వుల నూనె యున్న కొవ్వును బోదువా పరీక్షకు గురిచేసిన ఎఱ్ఱని రంగు తేలును. నేతిలో వనస్పతి కలిసినచో ఆ పరీక్ష పట్టియిచ్చును. కాగితపు చీటీని చింపివేయవచ్చును. నువ్వుల నూనెను వేరుచేయుట సాధ్యము కాదు. పదార్థములోపలనే చీటీ పెట్టిన ఈ పద్ధతి, పేరుకంటె పరీక్షయే కొనువానికి గట్టి రక్ష యని చాటినది.

1954లో ఆహారకల్తీ నిరోధక చట్టము వచ్చెను. ఆరోగ్యవంతమైన పాడిపశువును పూర్తిగా పితుకగా వచ్చినవి, ముర్రుపాలు కలియనివి పాలని ఆ చట్టము క్రింది నియమములు నిర్వచించెను. నీరు చేర్చిన పాలను అమ్మరాదు. వెన్న తీసిన పాలను పాలని అమ్మరాదు. ఏ పశువు పాలో చెప్పక అమ్మినచో గేదెపాలకు విధించిన ప్రమాణమే వానికి వర్తించెడిది. అమెరికా నిబంధనలలో ‘పాలు’ అన్న ఆవుపాలే. అచట గేదెపాలకు విశేషణము కావలెను. ఇచట విశేషణము లేని పాలు గేదెపాలతో సమానమయ్యెను. ఇట్లు చట్టపు నిర్వచనము కూడ దేశపు పాడిని బట్టి పుట్టినదే.

విశేషణము చేయగల మేలుకు చక్కని యుదాహరణము ‘టోన్డ్’ పాలు. చిక్కని గేదెపాలలో వెన్న తీసిన పాలపొడి, నీరు చేర్చి, కొవ్వును నూటికి 3 పాళ్లకు దించి, ఎక్కువమందికి తక్కువ వెలకు పాలందించు ఈ పద్ధతిని 1940వ దశకమున బొంబాయిలో దారా ఖురోడీ ప్రచారమునకు తెచ్చిరి. పాడిపరిశ్రమకు చేసిన సేవకై ఆయన 1963లో వర్గీస్ కురియన్, త్రిభువన్‌దాస్ పటేలులతో కలిసి మెగసేసే బహుమానము నందుకొనిరి. నీరు చేర్చిన పాలను అమ్మరాదను చట్టమే ఈ పాలను అంగీకరించినది. కారణ మేమన, పేరులోనే మార్పు తెలుపబడినది. కొవ్వు ఎంత యుండవలెనో నియమమున వ్రాయబడినది. దాపరికము లేనిచోట కల్తీ యను నింద లేదు.

గాంధీజీ వ్రతమును, మైసూరు ప్రయత్నమును

‘పాలు’ అను మాట పరిధి యెంత యను ప్రశ్నను న్యాయస్థానములకంటె ముందు గాంధీజీ తమ మనస్సునందు విచారించిరి. 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయి క్షేత్రమున ఆయన పాలు విసర్జించిరి. కొన్ని యేండ్లకు తీవ్రమైన జబ్బుచేసి బలహీనులయినపుడు, వ్రతకాలమున తలచినవి ఆవు, గేదె పాలే కావున మేకపాలు త్రాగవచ్చునని కస్తూరిబా నచ్చజెప్పిరి. ఆయన త్రాగిరి. కాని పాలన్న సకల జంతువుల పాలును అందిమిడియున్నవనియు, అక్షరము నిలిచినను వ్రతపు ఆత్మ భంగమైనదనియు తమ ఆత్మకథలో నొప్పుకొనిరి. పాలలోని పోషకశక్తి గల సస్యాహారము ఏనాటికైనను దొరకునని ఆయన ఆశించిరి. ఆ ఆశలో పేరునకు ప్రాధాన్యము లేదు. బిడ్డకును రోగికిని చాలునా యనునదే ముఖ్యము.

ఆ దిశగా ప్రయత్నము జరిగిన స్థలము కర్ణాటకమే. బెంగళూరు భారత విజ్ఞానసంస్థలో 1940వ దశకమున వి. సుబ్రహ్మణ్యన్ మొదలగువారు సోయాగింజల పాలను గూర్చి పరిశోధించిరి. 1950లో మైసూరు చెలువాంబ సౌధమున కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము వెలసినపుడు ఆయనయే తొలి డైరెక్టరు. నూనెతీసిన వేరుసెనగలో మాంసకృత్తులు మెండు. ఆ మాంసకృత్తులను వేరుచేసి గేదెపాలకు చేర్చి, పాల కొరతగల పట్టణములలో పిల్లలకు పోషకమైన పానీయము నందించుటకై ఆ పరిశోధనాలయము ‘మిల్టోన్’ అను దానిని రూపొందించెను. 1970వ దశకమున బెంగళూరులో అది తయారయి పంపిణీ యయ్యెను. దాని పేరు పాలను స్ఫురింపజేయును గాని పాలని చెప్పదు. పాడిరైతు పాలకు అది పోటీగా గాక తోడుగా పుట్టినది. సస్యపు పాలు, పశువు పాలు ఒకదాని కొకటి శత్రువులే కానక్కరలేదని ఈ ప్రయత్నము చూపినది.

నేటి చట్టములు

పాల పదముల వాడుకపై కోడెక్స్ ఆహారసంఘము 1999లో సామాన్య ప్రమాణమును ప్రకటించెను. పాడిపశువుల పొదుగునుండి పితికినవే పాలు. పాలకు సంబంధించిన పేర్లు ఇతర పదార్థములకు వాడరాదు. అయితే అందొక మినహాయింపు కలదు. సంప్రదాయపు వాడుకచేత ఏ పదార్థమో స్పష్టముగా తెలియు పేర్లకు ఈ నిషేధము లేదు.

ఐరోపా దేశముల కూటమి 1987నుండి ఇట్టి నియమమునే కఠినముగా నడపుచున్నది. 2017 జూన్ 14వ తేదీన ఐరోపా న్యాయస్థానము, జర్మనీకి చెందిన టోఫుటౌన్ సంస్థ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, సస్యమూలమని ప్రక్కనే విశేషణము చేర్చినను ‘పాలు’, ‘వెన్న’, ‘జున్ను’ అను పేర్లు సస్యపదార్థములకు చెల్లవనెను. కాని మినహాయింపుల పట్టికను ఆ కూటమి భాషలవారీగా కూర్చినది. 2010 నాటి ఆ పట్టికలో ఫ్రెంచిలో కొబ్బరిపాలు, బాదముపాలు రెండును ఉన్నవి. ఇటాలియను, స్పానిషు భాషలలోను బాదముపాలకు స్థానము దొరకినది. ఇంగ్లీషులో కొబ్బరిపాలకు చోటున్నది గాని బాదముపాలకు లేదు. సీసాలోని ద్రవ మొక్కటే. ఫ్రెంచిలో పాలగును, ఇంగ్లీషులో కాదు. ఇది వింతగా తోచవచ్చును గాని, వాడుకను భాషలోపల వెదకవలెనను నీతి దీనిలో గలదు.

అమెరికాది మరియొక దారి. నియమగ్రంథమున పాలన్న ఆవుపాలే యైనను, సోయాపాలు, బాదముపాలు అను పేర్లు అంగళ్లలో నిరాటంకముగా నడచినవి. 2018లో అచటి ఆహార, ఔషధ శాఖాధిపతి స్కాట్ గాట్లీబు, బాదము చేపునది కాదు గదా యని బహిరంగముగా పలికినపుడు నిషేధము వచ్చునని పలువురు తలచిరి. కాని 2023 ఫిబ్రవరిలో ఆ శాఖ వెలువరించిన ముసాయిదా, కొనువారు ఈ పానీయములను పశువుల పాలని భ్రమపడుట లేదని తేల్చెను; పేరును ఉంచుకొనవచ్చు ననెను. పోషకవిలువ పాలకంటె తక్కువైనచో ఆ సంగతిని లేబులుపై స్వచ్ఛందముగా తెలుపుడని సలహా యిచ్చెను.

ఆ సలహా కేవలము మర్యాద కాదు. ఆవుపాలు 100 గ్రాములలో మాంసకృత్తులు సుమారు 3 గ్రాములకు పైగా నుండును. సోయాపాలు ఇంచుమించు దానికి సాటివచ్చును. అంగడిలో దొరకు బాదము పానీయములు పెక్కింటిలో అవి 1 గ్రాము చుట్టుప్రక్కల, లేక అంతకంటె తక్కువ. పాలకు బదులుగా బియ్యపు పానీయముపై పెరిగిన యొక పసిబిడ్డకు మాంసకృత్తుల లోపముచే తీవ్రవ్యాధి సంక్రమించిన వృత్తాంతము 2001లో అమెరికా శిశువైద్య పత్రికలో వెలువడినది. ‘పాలు’ అను మాటలో రంగు, రుచి మాత్రమే గాక పోషణ యను నమ్మకము కూడ ఇమిడియున్నది. తల్లి ఆ నమ్మకముతోనే కొనును. చట్టపక్షమున చెప్పదగిన అత్యంత బలమైన మాట ఇదియే.

మన దేశమున 2006 నాటి ఆహారభద్రతా చట్టము పాత చట్టమును తొలగించి దాని స్థానమున నిలిచెను. 2021 జులైలో ఆహారభద్రతా ప్రమాణముల ప్రాధికార సంస్థ, సస్యపానీయముల లేబుళ్లపై పాల పదములు వాడరాదని ఆదేశించెను. కొబ్బరిపాలు, పీనట్ బటర్ వంటి నెలకొన్న పేర్లను మినహాయించెను. కొన్ని సంస్థలు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించినవి. 2022లో జంతుసంబంధము లేని ఆహారములకు ప్రత్యేక నిబంధనలు, ఆకుపచ్చని గుర్తు ఏర్పడినవి.

సమాసములోని చిక్కు

ఇంతవరకు చెప్పిన చర్చ యెక్కువగా ఇంగ్లీషు మాటపై నడచినది. తెలుగు మాటపై నడిపినచో నేమగును? పాఠశాలలో సమాసములు నేర్చిన ప్రతి విద్యార్థియు దీనికి సమాధానము చెప్పగలడు.

‘ఆవుపాలు’ అన్న ఆవుయొక్క పాలు. ‘కొబ్బరిపాలు’ అన్న కొబ్బరినుండి తీసిన పాలు. ‘మిరియాలపాలు’ అన్న మిరియాలనుండి తీసినవి కావు. మిరియముల పొడి వేసి కాచిన పశువుల పాలు. మూడింటిలోను పూర్వపదమునకు ‘పాలు’ చేరినది. సంబంధము మాత్రము మూడు విధములు. ఆ సంబంధమును సమాసము మ్రింగివేయును; విన్నవాడు వాడుకచే దానిని తిరిగి తెలిసికొనును.

ఇప్పుడు ‘బాదంపాలు’ను చూడుడు. తెలుగున బాదంపాలన్న, బాదముపప్పు ముద్ద, చక్కెర, కుంకుమపువ్వు చేర్చి కాచిన పశువుల పాలు. పెండ్లిండ్లలోను, మిఠాయి దుకాణములలోను శిష్టులు, సామాన్యులు ఎరిగిన అర్థ మిదియే. తమిళుల బాదాంపాల్, కన్నడిగుల బాదామిహాలు కూడ ఇవియే. పాలు లేక, బాదముపప్పు నీటిలో రుబ్బి తీసిన పానీయమునకు ఈ పేరే పెట్టినచో, కోలారులోని తెలుగు ముదుసలి గాని హోసూరులోని తెలుగు గృహిణి గాని నిజముగనే భ్రమపడుదురు. పాలు అరగనివాడు పాలు లేనివని తలచి మిఠాయి దుకాణపు బాదంపాలు త్రాగి బాధపడవచ్చును. బిడ్డకు బలమని క్రొత్త పానీయము కొన్న తల్లి పలుచని నీళ్లు పోయవచ్చును. ఫ్రెంచిలో చిక్కులేని పేరు తెలుగున చిక్కు తెచ్చుచున్నది. అట్లే రాగిపాలు, గోధుమపాలు అను పేర్లు తెలుగున నెవరిని భ్రమపెట్టవు. కాని ఇంగ్లీషు మాటనే చూచు అధికారికి అవి క్రొత్త వర్తకుల కల్పనలుగా తోచవచ్చును.

కావున సత్యమైన విభజనరేఖ పశువునకును సస్యమునకును నడుమ గీచినది కాదు. భ్రమ కలిగించు పేరునకును, కలిగింపని పేరునకును నడుమ గీయవలసినది. ఆ రేఖ ఒక్కొక్క భాషలో నొక్కొక్కచోట పడును. భ్రమగల చోట మందు కూడ వ్యాకరణములోనే యున్నది. సమాసమును విప్పి విగ్రహవాక్యము వ్రాయవలెను. ‘బాదముపప్పునుండి తీసిన పానీయము, పశువుల పాలు కలియలేదు’ అని పెద్ద అక్షరములలో వ్రాసి, మాంసకృత్తు లెన్నియో తెలిపినచో, పాడిరైతునకును అన్యాయము లేదు, కొనువానికిని మోసము లేదు, అమ్మువానికిని అడ్డు లేదు.

ఎవరి భాషలో?

ఇచట నొక లోపమును గమనింపవలెను. 2020 నాటి లేబులు నిబంధనల ప్రకారము, ఆహారపు పాకెట్టుపై తప్పనిసరి వివరములు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉండిన చాలును. ఇతర భాషలు చేర్చుటకు అభ్యంతరము లేదు గాని నిర్బంధమును లేదు. సంప్రదాయపు వాడుకను బట్టి మినహాయింపు ఇత్తుమని చెప్పు చట్టము, ఆ సంప్రదాయము నివసించు భాషలను అడుగుట లేదు. ఐరోపావలె భాషలవారీ పట్టిక మనకు లేదు.

అడిగినచో వినెదరనుటకు తార్కాణము గలదు. 2023లో పెరుగు పాకెట్లపై ‘దహీ’ అను పేరు ముందుంచి ప్రాంతీయమైన మాటను కుండలీకరణములలో చేర్చవలెనని ప్రాధికార సంస్థ చెప్పగా, తమిళనాడు, కర్ణాటకములలో తీవ్రమైన నిరసన లేచెను. తయిర్, మొసరు అను మాటలు తరతరములుగా ఉండగా వేరొక మాట యేల యని ప్రజలు, సహకార పాలసంఘములవారు ప్రశ్నించిరి. మార్చి నెలాఖరున సంస్థ తన ఆదేశమును సవరించి, ‘కర్డ్’ అను మాటకు ప్రక్కన దహీ, మొసరు, తయిర్, పెరుగు మొదలగు ప్రాంతీయనామములలో దేనినైనను వ్రాయవచ్చునని ప్రకటించెను. ఆ యుదాహరణలలో మన ‘పెరుగు’ కూడ చేరినది. ఆందోళన ముఖ్యముగా తమిళులది, కన్నడిగులది. ఫలమున తెలుగువారికిని భాగము దక్కినది.

పెరుగునకు జరిగిన న్యాయము పాలకును జరుగవచ్చును. అందుకు కావలసినది ఆవేశము కాదు, వాడుకల జాబితా. కోలారు, హోసూరు, బరంపురము, షోలాపురము, యానాము ప్రాంతముల తెలుగిండ్లలో ఏయే ధాన్యముల, కాయల రసములను పాలందురో, ఏవి గంజియో, ఏవి రసమో, ఏ పేరు విన్నచో పశువుల పాలే తలపునకు వచ్చునో పెద్దలనుండి సేకరించి వ్రాసి యుంచవలెను. తెలుగు బోధించు పాఠశాలల పిల్లలు ఒక్కొక్కరు ఇంటినుండి పది మాటలు తెచ్చినను మంచి పట్టిక తయారగును. అట్టి పట్టిక యున్ననాడు, సంప్రదాయపు వాడుక యేదని చట్ట మడిగినపుడు చూపుటకు తెలుగువారి చేత నొక పత్రముండును.

తెలుగున ‘పాలు’ అను మాటకు వంతు, భాగము అను వేరొక అర్థము గలదు. చట్టము చేయువారికి, పాడిరైతునకు, వర్తకునకు ఈ మాటపై నెంత పాలు గలదో, దానిని పలుకు జనులకును అంత పాలు గలదు. ఆ పాలు అడిగి పుచ్చుకొనవలసినవారు జనులే.